తల్లి మడ్డి

పొజ్జియారెల్లో, రూఫినా దగ్గర
3 అక్టోబరు 1995

చెల్లెలు ఒత్తావియాకు,

నీతో నోరు విప్పి మాట్లాడనని ఇరవై నాలుగేళ్ళ కిందట మన వంటింట్లో మేరీమాత పటం ముందు ఒట్టేసుకున్నాను. నువ్వూ అప్పుడే తిరిగి ఒట్టేశావు. ఇప్పటికీ నా ఒట్టు మీదే ఉన్నాను. ఉత్తరం రాయడం మాట్లాడటం కిందికి రాదని ఫాదర్ ఫోస్కో ఆనాడే తేల్చి చెప్పాడు కనుక రాస్తున్నాను. ఆయన పోయి పదకొండేళ్ళయింది. కొత్తగా వచ్చిన ఫాదర్‌ను నేను అడగలేదు, నువ్వూ అడగొద్దు.

ద్రాక్ష కోత అయిపోయింది. విన్‌సాంతో తీపి వైన్ కోసం ఏరిన గుత్తులన్నీ ఎండటానికి అటకెక్కాయి. మల్వాజియా గుత్తులు దూలాలకు వేలాడదీశాను, త్రెబ్బియానోవి తడికెల మీద పరిచాను. ఇక ఈస్టర్ ముందు వారం దాకా రోజూ నిచ్చెనెక్కి, కుళ్ళిన గింజ కనిపిస్తే గిల్లి పారేయడమే నా పని. డెబ్బై ఏళ్ళ మోకాళ్ళతో ఈ పని చేస్తున్నానని నా కొడుకు లాపోకు జాలి పుట్టింది. పుట్టిన జాలి ఊరుకోక ఒక వైన్ నిపుణుణ్ణి తీసుకొచ్చింది.

పేరు డాక్టర్ బ్రందీని. తెల్ల బూట్లు. ద్రాక్షతోటలోకి తెల్ల బూట్లతో వచ్చిన మనిషిని పెళ్ళిళ్ళలో తప్ప నేనెక్కడా చూడలేదు. కారు దిగగానే గ్లాసెడు వైన్ అడగలేదు, చేతులు కడుక్కోవడానికి నీళ్ళడిగాడు. అటకెక్కి మన మూడు పీపాల చుట్టూ తిరిగాడు.

"సిన్యోరా, వీటిని ఆఖరిసారి ఎప్పుడు కడిగారు?"

"మా ముత్తవ్వ కాలంలో కూడా కడగలేదు నాయనా."

నేను గర్వంగా చెప్పాను. అతను పుస్తకంలో ఏదో రాసుకుని లాపో వంక చూశాడు, వాడు నేల వంక చూశాడు. పీపా అడుగున జానెడు మడ్డి ఎప్పుడూ వదిలేస్తామనీ, అదే తల్లి అనీ, కొత్త రసం పోస్తే దాన్ని పట్టి పెంచేది ఆ తల్లేననీ, అది ఈ గడప దాటదనీ, పెళ్ళై వెళ్ళే ఆడపిల్లకు కూడా పెట్టకూడదనీ విడమరిచి చెప్పాను. "ఆసక్తికరంగా ఉంది" అన్నాడు. చచ్చిన ఎలుకను చూసినప్పుడు చదువుకున్నవాళ్ళు ఆ మాటే అంటారు.

మీ కొండల్లో తల్లి లేదు కదా. అందుకే మీది ఎండుద్రాక్ష నానబెట్టిన నీళ్ళలా ఉంటుంది. అమ్మ చనిపోయిన రోజు భోజనాల దగ్గర మీ ఆయన మన విన్‌సాంతో గ్లాసు ఖాళీ చేసి, మూతి తుడుచుకుని, "బాగానే ఉంది. మాది ఇంకా బాగుంటుంది" అన్నాడు చూడు, ఆ మాట తిరిగి తీసుకుంటే నా ఒట్టు అక్కడికక్కడ తీరిపోతుంది. ఆ సంగతి రేమీజియోకు మళ్ళీ ఒకసారి గుర్తు చెయ్యి.

పక్కింటి జెలిందా ఆలివ్ కోతకు గంపలు అడిగింది. ఇవ్వలేదు. నీ పెళ్ళి వారంలో మన నీలం పాలక్యాను కొట్టేసిన చేతులకు గంపలెలా ఇస్తాను? నలభై ఏళ్ళైనా ఆ క్యాను నా కళ్ళ ముందే ఉంది.

రేపు కాలేయం బాగు చేసుకోవడానికి కియాంచానోకు వెళ్తున్నాను. పదిహేను రోజులు అక్కడి ఊట నీళ్ళు తాగాలట. ద్రాక్షకాపు ఇంట్లో పుట్టినదానికి ఇది కూడా రాసిపెట్టి ఉంది.

నీతో మాట్లాడని అక్క,
ఆర్మీదా

*

కలవీనో, త్రెంతో
14 అక్టోబరు 1995

అక్కా,

ఈ ఉత్తరం నువ్వు నీళ్ళు తాగి తిరిగొచ్చేసరికి ఇంటి దగ్గర నీకోసం ఎదురుచూస్తుంటుంది. కాలేయం తేలికపడి ఉంటే నాలుక కూడా కాస్త తేలికపడిందేమో చూసుకో.

రేమీజియోకు గుర్తు చేశాను. పొయ్యిలో కట్టె సర్దుతూ "ఊఁ" అన్నాడు. ఆయన "ఊఁ" అంటే అవునో కాదో నాకు నలభై ఏళ్ళలో తెలియలేదు. ఆ రోజు భోజనాల దగ్గర ఆయన అన్న మాటలు రెండు, నెలకు సరిపడా మాట్లాడేశాడు. అందులో నువ్వు తప్పు పట్టావు.

మాకూ నొజియోలా గుత్తులు తడికెలకెక్కాయి. మధ్యాహ్నం కాగానే సరస్సు మీంచి గాలి వచ్చి అటక కిటికీలన్నీ తడుతుంది. మా దగ్గర కుళ్ళు తక్కువ, నిచ్చెనా తక్కువే. మీ ఊళ్ళో నిపుణులు ఇప్పుడొచ్చారు కానీ మా లోయను వాళ్ళు ఎప్పుడో చుట్టేశారు. సగం ఊరు నొజియోలా పీకేసి షార్డొనే వేసింది. బుడగల వైన్‌కు అదే కావాలట. ఎండబెట్టి పీపాకెత్తే ఇళ్ళు మాతో కలిపి ఏడు మిగిలాయి. కాబట్టి నా మాట విని ఆ తెల్లబూట్లాయన్ని అటక దగ్గరికి రానీయకు. నిచ్చెన తీసి దాచెయ్యి.

జెలిందాకు గంపలు ఇచ్చెయ్యి అక్కా. నలభై ఏళ్ళ నాటి పాలక్యాను కోసం ఇంకా ఎందుకు?

ఒట్టు తప్పని చెల్లెలు,
ఒత్తావియా

*

పొజ్జియారెల్లో
29 అక్టోబరు 1995

ఒత్తావియా,

అక్షరాలు సరిగ్గా లేకపోతే ఏమీ అనుకోకు.

కియాంచానో నుంచి బస్సు దిగేసరికి లాపో పువ్వులు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ముప్పై నాలుగేళ్ళలో వాడు నాకు పువ్వులివ్వడం ఇదే మొదటిసారి. అప్పుడే నా గుండె గుబేలుమనాల్సింది. వాడు నా కళ్ళు మూసి అటకెక్కించాడు. నిచ్చెన మీద కళ్ళు మూసుకుని! చేతులు తీసి, "చూడమ్మా" అన్నాడు.

మూడు పీపాలూ కొత్త పెళ్ళికూతుళ్ళలా మెరుస్తున్నాయి.

"వైన్ ఎక్కడరా?"

"ఒంపేసి, వడగట్టి, స్టీలు ట్యాంకులో పెట్టాను. సన్నటి జల్లెడలో రెండుసార్లు వడగట్టాం, ఇక మలినం అన్న మాటే లేదు. వచ్చే వారం సీసాలకెత్తి మేళాకు పంపుతా."

"మడ్డి ఎక్కడరా?"

"అబ్బో! అడుగున ఎంత బురదనుకున్నావు! ఎన్నేళ్ళ కంపో ఏమో. సోడా వేసి, వేడి ఆవిరి పట్టి, మూడుసార్లు కడిగాం. నువ్వు సంబరపడతావని డాక్టర్‌గారు తన చేత్తోనే..."

నాకు ఇక వినపడలేదు. పెద్ద చదువు చదివితే ఉన్న మతి పోయిందంటారు, నా ఇంట్లోనే చూశాను. ఆ బురద ఎక్కడ పోశావురా అంటే, "ఎరువుగా పనికొస్తుందని క్యాబేజీ మడిలో" అన్నాడు. చెంచా గిన్నె పట్టుకుని పరుగెత్తాను. మోకాళ్ళ మీద కూర్చుని మట్టిని గీశాను. రెండు వారాల వానకు ఏం మిగులుతుంది? క్యాబేజీలు మాత్రం నా తలకాయంత పెరిగాయి. ఒక్కటీ తినను. తింటే అమ్మను తిన్నట్టుంటుంది.

లాపోకు అర్థమయ్యాక మొహం తెల్లబోయింది. వాడు చెడ్డవాడు కాదు. కానీ ఆ నిపుణుడు మందు చెప్పేశాడు. పొట్లంలో ఈస్ట్ దొరుకుతుందట, ఫ్రాన్సు నుంచి, పొడి. అదీ పని చేయకపోతే మల్వాజియా వరుసలు పీకేసి మెర్లో అనే ఎర్ర ద్రాక్ష వేయడం, అటకను రెండు గదులుగా చేసి జర్మన్లకు అద్దెకివ్వడం, ఒక్కో గదికి ఒక్కో స్నానాలగది. కాగితం మీద గీసుకొచ్చాడు కూడా. నా పీపాలున్న చోట తొట్టి గీశాడు.

ఈస్టర్ ముందు వారం రసం తీయాలి. అప్పటికి తల్లి లేకపోతే ఈ ఇంట్లో విన్‌సాంతో ఇక ఉండదు. నాకు ఇంకేమీ రాయబుద్ధి కావడం లేదు.

ఆర్మీదా

*

కలవీనో
6 నవంబరు 1995

అక్కా,

నీ ఉత్తరం చదివి పొయ్యి దగ్గర కూర్చుని ఏడ్చాను. రేమీజియో ఏమైందని అడిగితే పొగ అన్నాను. పొయ్యి వెలిగించలేదన్న సంగతి ఇద్దరం పట్టించుకోలేదు.

లాపోను కొట్టావా? కొట్టకపోతే కొట్టు, తర్వాత అన్నం పెట్టు.

ఒక మాట అడగనా? కోపం తెచ్చుకోకుండా విను. ఇక్కడ నాకు తెలిసిన ఒకావిడ దగ్గర ఒక చిన్న పీపా ఉంది. దాని అడుగున ఇలాంటిదే ఏదో ఉంది. చాలా పాతది. ఎలా వచ్చిందని అడగకు, ఆవిడ చెప్పడానికి ఇష్టపడదు. కావాలంటే కొంచెం అడిగి పంపగలను. రంగు, వాసన, అన్నీ మన తల్లి లాగే ఉంటాయని నా నమ్మకం.

నువ్వు ఒప్పుకుంటే ఆవిడ కూడా సంతోషిస్తుంది. ఆవిడకు దీని వల్ల చాలాకాలంగా మనసులో ఏదో ఉంది.

దిగులుతో,
ఒత్తావియా

*

పొజ్జియారెల్లో
20 నవంబరు 1995

ఒత్తావియాకు,

గోరుచుట్టు మీద రోకటి పోటంటే ఏమిటో నీ ఉత్తరం చదివాక తెలిసింది.

ఎవరో ముక్కూమొహం తెలియని కొండావిడ పీపా అడుగు గీకి, నన్ను అమ్మ పీపాలో పోసుకోమంటావా? పైగా రంగు అలాగే ఉంటుందట! రంగు మా ఊరి చెరువుకు కూడా ఉంది. ఆ మాటకొస్తే నాకు ఫ్రాన్సు పొట్లమే మేలు, కనీసం అది మనసులో ఏదో పెట్టుకోదు.

నువ్వెందుకు రాశావో నాకు తెలుసు. రేపు మా విన్‌సాంతోలో మీ లోయ మడ్డి ఉందని రేమీజియో అక్కడ కూర్చుని మూతి తుడుచుకుంటూ చెప్పుకోవాలి. "చూశారా, చివరికి మాదే తీసుకెళ్ళారు" అని. ఆయన వైన్‌కు మీ ఊరి సంబరంలో మళ్ళీ మొదటి బహుమతి వచ్చిందని ఇక్కడిదాకా తెలిసింది. దాని గురించి నువ్వు ఒక్క ముక్క రాయలేదు. సిగ్గుపడ్డావో నవ్వుకున్నావో నీకే తెలియాలి.

నిన్న లాపో మల్వాజియా వరుసల్లో కొలత టేపు పట్టుకుని తిరిగాడు. కిటికీలోంచి చూసి, కర్టెన్ వేసేశాను. రోజూ నిచ్చెనెక్కుతూనే ఉన్నాను. ఎందుకెక్కుతున్నావమ్మా అంటాడు. ఎక్కడం మానేస్తే ఏం చేయాలో నాకు తెలియదని వాడికెలా చెప్పను?

ఇక నాకు ఉత్తరం రాయకు. రాసినా చదవను. చదివినా జవాబివ్వను.

ఆర్మీదా

*

కలవీనో
8 డిసెంబరు 1995, మేరీమాత పండుగ

అక్కా,

నువ్వు చదవనన్నావు కనుక ధైర్యంగా రాస్తున్నాను.

ఆ కొండావిడ నేనే.

1955లో, నా పెళ్ళికి ముందు రోజు, అందరూ చర్చిలో పూలు కడుతుంటే నేను అటకెక్కాను. మధ్య పీపా బిరడా తీసి, వైన్ తీసే పొడుగు గొట్టం అడుగుదాకా దింపి, మడ్డిని పైకి పీల్చాను. నోట్లోకి కూడా వెళ్ళింది. దేనిలో పట్టాలో ముందు ఆలోచించుకోలేదు. చేతికి అందింది నీలం పాలక్యాను.

అవునక్కా. జెలిందా తీయలేదు. ఆ క్యాను ఇప్పుడు నా ఎదురుగా కిటికీలో ఉంది, అందులో తులసి పెంచుతున్నాను.

నన్ను దొంగ అనుకో, ఒప్పుకుంటాను. కానీ మొత్తం విను. నిచ్చెన దిగేసరికి కింద అమ్మ నిలబడి ఉంది. క్యాను వెనక దాచుకున్నాను, నీకు తెలుసుగా అది ఎంత పెద్దదో. అమ్మ నన్ను పక్కకు తిప్పి, క్యాను తీసుకుని, వాసన చూసి, తన తలగుడ్డ విప్పి దాని మూతికి గట్టిగా కట్టింది. "రైల్లో ఒలికించకు. ఒక ఇంట్లో నిప్పు ఆరితే ఇంకో ఇంట్లో ఉండాలి. అక్కకు చెప్పకు, అది నియమం మనిషి, బాధపడుతుంది" అంది. అంతే. చెప్పకపోవడం అమ్మ మాట మీద. ఇన్నేళ్ళూ చెప్పకపోవడం మాత్రం నా పిరికితనమే.

మా ఇంటి మూల పీపాలో పోసి పెంచాను. ఇక్కడ అందరూ ఏటేటా పీపాలు కడుగుతారు. ఆ ఒక్కదాన్ని కడగనివ్వకుండా నలభై ఏళ్ళు కాపలా కాశాను. రేమీజియోకు బహుమతులు తెచ్చిపెట్టే వైన్ ఆ పీపాదే. అమ్మ చనిపోయిన రోజు "మాది ఇంకా బాగుంటుంది" అని ఆయనంటే, నీకు ఒళ్ళు మండింది, నాకు దొంగకు తేలు కుట్టినట్టయింది. రెండూ ఒక్కటేనని ఆ బల్ల దగ్గర తెలిసినదాన్ని నేనొక్కదాన్నే.

అది మీ తల్లే. నీ తల్లే. సగం నీకు తెచ్చిస్తాను. పీపా ఈస్టర్ ముందు వారమే తెరవాలి, అప్పటిదాకా ఓపిక పట్టు.

ఒక్కటే వేడుకోలు. రేమీజియోకు ఈ సంగతి తెలియదు. తన వైన్ అంటే ఆయనకు ప్రాణం. దానిలో అత్తగారింటి మడ్డి ఉందని తెలిస్తే ఆ మనిషి తట్టుకోలేడు. దయచేసి ఆయనకు మాత్రం చెప్పకు.

నీ దొంగ చెల్లెలు,
ఒత్తావియా

*

పొజ్జియారెల్లో
2 జనవరి 1996

ఒత్తావియా,

నీ ఉత్తరం పది రోజులు సొరుగులో ఉంచాను. చదవనని మాట ఇచ్చాను కదా. పదకొండో రోజు కళ్ళజోడు వెతుకుతుంటే చేతికి తగిలింది.

సగం చదివేసరికి నాకు లోకం కనిపించలేదు. నలభై ఏళ్ళు! ఆడపిల్లకు పెట్టకూడదన్న నియమాన్ని నాకు నూరిపోసిన మనిషే నీకు మూట కట్టి ఇచ్చిందా? ఈ ఇంట్లో ఉండిపోయింది నేను. నిచ్చెనెక్కింది నేను. ఆఖరి మూడేళ్ళు ఆవిడ కాళ్ళు ఒత్తింది నేను. నాకు ఒక్క మాట చెప్పలేదు. నియమం మనిషినట! స్మశానానికి వెళ్ళి రాయి ముందు నిలబడి అరిచాను. పువ్వులు మార్చడానికి వచ్చినవాళ్ళు తప్పుకుని వెళ్ళిపోయారు.

ఇంటికొచ్చేసరికి కోపం దిగి, నవ్వొచ్చింది. మీ ఆయన గుర్తొచ్చాడు. ఇరవై నాలుగేళ్ళు ఆ మాటతో నన్ను కాల్చినవాడు తాగి గర్వపడింది మన అమ్మ వైనేనా! ఆ సంతోషంలో చేతికి దొరికిన కొత్త సంవత్సరం కార్డు మీద ఆయనకు నాలుగు ముక్కలు గీకి, అప్పుడే వచ్చిన తపాలావాడి చేతిలో పెట్టేశాను. "రేమీజియో, నీ బహుమతులన్నీ మా అత్తగారివని ఇకనైనా తెలుసుకో. నీ అత్తగారివి" అని రాశాను. తొందరలో మా అత్తగారని కూడా రాసినట్టున్నాను, సంగతి అర్థమవుతుందిలే.

తర్వాత టీ పెట్టుకుని నీ ఉత్తరం ఆఖరి పేజీ చదివాను.

తపాలావాడి వెనక వంతెన దాకా పరుగెత్తాను. వాడి మోటారుసైకిలు కొత్తది.

జరిగింది జరిగిపోయింది. ఇంకో పని కూడా చేశాను. జెలిందా ఇంటికి ఆరు గంపలు, డజను గుడ్లు పట్టుకెళ్ళాను. "క్యాను నువ్వు తీయలేదని తెలిసింది" అన్నాను. "ఏ క్యాను?" అంది. నలభై ఏళ్ళుగా నేను తనతో సరిగ్గా ఉండకపోవడం దాని గురించేనని ఆవిడకు తెలియదట. నా మొహమే అంత అనుకుందట.

నీ సగం తీసుకురా. తీసుకురమ్మని అడుగుతున్నాను. ఈ ముక్క రాయడానికి నాకెంత కష్టమైందో నీకు తెలుసు.

ఆర్మీదా

*

కలవీనో
20 జనవరి 1996

అక్కా,

కార్డు చేరింది. నేను కోళ్ళ దగ్గర ఉన్నాను. లోపలికొచ్చేసరికి రేమీజియో దాన్ని దీపానికి దగ్గరగా పెట్టుకుని చదువుతున్నాడు. నాకు చూపించి "ఊఁ?" అన్నాడు. నేనూ "ఊఁ" అన్నాను. టోపీ పెట్టుకుని బయటికి వెళ్ళిపోయాడు.

మూడు రోజులు మాట లేదు. మామూలుగానే ఉండదు కనుక కోపమో కాదో ఎలా తెలుస్తుంది? చొక్కాలు ఇస్త్రీ చేశాను, ఆయనకిష్టమైన కుందేలు వండాను. నాలుగో రోజు మొక్కజొన్న పొలెంతా వడ్డిస్తుంటే నోరు తెరిచాడు.

"మొదటి ఏడాదే తెలుసు."

"ఎలా తెలుసు?"

"పీపాలు కడిగే రోజున వచ్చి ఆ మూల పీపా మీద కూర్చుని నా చొక్కాలకు బొత్తాలు కుడతావు. నలభై ఏళ్ళుగా నా బొత్తాలన్నీ ఆ ఒక్క రోజే ఊడతాయా?"

నాకు గరిటె చేతిలోనే ఉండిపోయింది. "మరి ఒక్కసారైనా అడగలేదేం?" అన్నాను. "నువ్వు చెప్పలేదుగా" అన్నాడు. "తెలిసి తెలిసి మా అక్క ముందు మాది ఇంకా బాగుంటుందని ఎందుకన్నావు, ఇరవై నాలుగేళ్ళు మా ఇద్దరికీ మాటల్లేకుండా చేశావు కదా" అంటే, పళ్ళెంలో పొలెంతాను చెంచాతో సమంగా సర్దాడు.

"రెండూ ఒకే తల్లి. మా గాలి మంచిది, అంతే తేడా. నేను మీ అమ్మను పొగిడాను. ఆవిడ బతికుంటే అర్థమయ్యేది."

అక్కా, ఆ మనిషి ఆ రోజు అమ్మ ఫోటో వైపు చూసి అన్నాడట. మనం ఎవరం చూడలేదు. ఆ మాట మాత్రం వెనక్కి తీసుకోనన్నాడు, ఎందుకంటే గాలి నిజంగానే మంచిదట. కనుక నీ ఒట్టు తీరలేదు, నాదీ తీరలేదు.

గురువారం, ఏప్రిల్ నాలుగున వస్తాం. కారు ఆయనే నడుపుతాడు. నేను క్యాను ఒళ్ళో పెట్టుకుంటాను. తులసిని వేరే కుండలోకి మార్చాను.

ఒత్తావియా

*

పొజ్జియారెల్లో, వంటిల్లు
4 ఏప్రిల్ 1996, మధ్యాహ్నం
(బల్ల మీద చీటీ)

వచ్చినందుకు సంతోషం. జుట్టు మొత్తం తెల్లబడింది, నాకు చెప్పలేదేం? సూపులో ఉప్పు తక్కువైతే చీటీ రాయి, మొహం అలా పెట్టకు. అమ్మ తలగుడ్డ ఇంకా ఆ క్యానుకే ఉందా?

ఆ.

*

అదే బల్ల, పది నిమిషాల తర్వాత

అమ్మ గుడ్డే. ఏటా ఉతికాను, పీపాలా కాదు. జుట్టు నీదీ తెల్లగానే ఉంది. సూపు బాగుంది. రొట్టెలో ఉప్పు వేయడం మరిచిపోయారా అని రేమీజియో అడుగుతున్నాడు.

ఒ.

*

అదే బల్ల

మరిచిపోలేదు. ఈ ప్రాంతంలో రొట్టెలో ఉప్పు ఎప్పుడూ వేయలేదు, వేయం. ఆయనతో మాట్లాడనని నేను ఒట్టేయలేదు, నోటితోనే అడగమను. లాపో మన ఇద్దరినీ మార్చి మార్చి చూస్తున్నాడు. వాడి చేతికి పెన్సిలు ఇవ్వకు, మళ్ళీ తొట్టి గీస్తాడు. తినడం అయితే అటకెక్కుదాం. నిచ్చెన నేను పట్టుకుంటాను, ముందు నువ్వెక్కు.

ఆ.

*

పొజ్జియారెల్లో
16 ఏప్రిల్ 1996

చెల్లీ,

మీరు క్షేమంగా చేరారని జాబు వచ్చింది. ఇక్కడి సంగతులు రాస్తున్నాను.

ముందుగా, అటక మీద జరిగినదాని గురించి. పీపాలో రసం పోశాక అమ్మ ఎప్పుడూ పీపాతో నాలుగు మాటలు చెప్పేది కనుక, మడ్డి పోసేముందు నేనూ చెప్పాను. "అమ్మా, నీ దొంగకూతురు వచ్చింది, సిగ్గుపడుతోంది, దాన్ని తిట్టకు" అన్నది పీపాతో. నీతో కాదు. నువ్వు పీపాకు అటువైపు వంగి, "అమ్మా, అక్క ఎప్పుడూ ఇంతే, దాని మోకాళ్ళు చూడు, ఇంకా నిచ్చెనెక్కుతోంది, కాస్త బుద్ధి చెప్పు" అన్నావు. అదీ పీపాతోనే. ఆ తర్వాత నువ్వన్నది కూడా విన్నాను. ఇరవై నాలుగేళ్ళుగా ప్రతి ఆదివారం ఫోన్ దగ్గర నిలబడి నంబరు తిప్పకుండా పెట్టేస్తున్నావని. ఒకరి సంభాషణ చాటుగా వినడం తప్పే. కానీ అటక చిన్నది.

ఇప్పుడు అసలు సంగతి. పన్నెండు రోజులైంది, పీపాలో రసం పులిసే చప్పుడు లేదు. మూతిని మూసే మైనం ఇంకా వేయలేదు, బిరడా మాత్రమే పెట్టి ఉంచాను. రోజుకు నాలుగుసార్లు చెవి పెడుతున్నాను. నా గుండె చప్పుడు తప్ప ఏమీ వినిపించడం లేదు. కారులో కుదుపుకు తల్లి చచ్చిపోయిందేమో, లేక సోడా వాసన ఇంకా చెక్కలో ఉందేమో. లాపో ఫ్రాన్సు పొట్లం తెచ్చి అలమరలో పెట్టాడు. ఇరవై ఎనిమిదో తేదీ దాకా ఆగుతానన్నాడు. ఆ తర్వాత పొట్లం. వాడి గొంతులో విసుగు లేదు, జాలి ఉంది. అదే నాకు భయం.

నాకు భయంగా ఉంది ఒత్తావియా.

ఆర్మీదా

*

కలవీనో
22 ఏప్రిల్ 1996

అక్కా,

భయపడకు. 1956లో మా పీపాలో పదిహేడు రోజులు చప్పుడు లేదు. నేను గర్భిణిని, రోజూ దాని పక్కన కూర్చుని ఏడ్చేదాన్ని. కొత్త ఊరు కదా, తల్లి బెంగ పెట్టుకుందనుకున్నాను. తర్వాత ఒక రోజు మొదలైంది. ఇప్పుడు తిరిగి సొంత ఇంటికి వచ్చింది. నలభై ఏళ్ళ తర్వాత పుట్టింటికి వచ్చినవాళ్ళు గుమ్మంలో కాసేపు నిలబడిపోతారు. నేను మొన్న నిలబడ్డాను, నువ్వు చూశావు.

ఉన్ని దుప్పటి కప్పు. రేమీజియో చెప్పమన్నాడు. "మధ్యాహ్నం కిటికీ తెరవమను, గాలి తగలాలి" అని కూడా అన్నాడు. తర్వాత ఆగి, "అక్కడి గాలి కూడా పనికొస్తుందిలే" అన్నాడు. ఇంతకంటే ఆ మనిషి దిగి రాలేడు.

నాకు ఒక్కటే కొరత. చప్పుడు మొదలైతే నువ్వు వింటావు, నేను వినలేను. మొదటి ఏడాది నేనొక్కదాన్నే విన్నాను, నువ్వు లేవు. ఈసారి నేను లేను.

ఒత్తావియా

*

పొజ్జియారెల్లో
29 ఏప్రిల్ 1996

చెల్లీ,

నిన్న ఆదివారం, ఇరవై ఎనిమిదో తేదీ. లాపో పొట్లం చేత్తో పట్టుకుని నిచ్చెనెక్కాడు. నేను కింద వంటింట్లో జపమాల తిప్పుతూ కూర్చున్నాను, చూడలేక. ఎంతసేపైనా వాడు దిగలేదు. పిలిస్తే పలకలేదు. చివరికి నేనే ఎక్కాను.

వాడు దుప్పటి తొలగించి పీపాకు చెవి ఆనించి, నేల మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి నోటి మీద వేలు పెట్టుకున్నాడు. రెండో వైపు నేనూ చెవి పెట్టాను. సన్నగా, కుండలో అన్నం ఉడుకు పట్టేముందు చప్పుడు లాగా. లాపో కళ్ళు తుడుచుకుని, "డాక్టర్‌గారికి ఏం చెప్పనమ్మా?" అన్నాడు. "ఆసక్తికరంగా ఉందని చెప్పు" అన్నాను. పొట్లం జెలిందా కోళ్ళకు వేశాం. మెర్లో ఎక్కడ వేయాలో వాడి ఇష్టం, కింద వాగు పక్కన బోలెడు నేల ఉంది. మల్వాజియా జోలికి రాడు. తొట్టి బొమ్మ తనే చింపేశాడు.

ఈ పీపా తెరిచేది 2001 ఈస్టర్‌కు. అప్పటికి నాకు డెబ్బై ఆరు, నీకు డెబ్బై ఒకటి. ఈలోగా చచ్చిపోయే ఆలోచన ఏదైనా ఉంటే మానుకో. ఆ రోజు రేమీజియో మొదటి గ్లాసు తాగి, మూతి తుడుచుకుని, ఏమంటాడో అనాలి. ఏమన్నా పడతాను.

ఇంకో సంగతి. ఫోన్ తీగను లాపో చేత అటక దాకా లాగించాను. పీపాకు ఫోన్ ఎందుకమ్మా అని అడిగాడు. శుభ్రత కోసం అన్నాను. మైనం శనివారం సాయంత్రం వేస్తాను, ఆ తర్వాత చప్పుడు సరిగ్గా వినపడదు. అందుకని శనివారం ఉదయం పదకొండింటికి ఫోన్ చెయ్యి. ఈసారి నంబరు పూర్తిగా తిప్పు. నేను హలో కూడా అనను, రిసీవరు పీపాకు ఆనించి పెడతాను. కావలసినంతసేపు విను. తర్వాత అమ్మతో ఏం చెప్పుకోవాలో చెప్పుకో, నా మీద ఫిర్యాదులతో సహా. నా ఒట్టు నాది, నీ ఒట్టు నీది, మధ్యలో ఆవిడ ఉంది.

నేను ఎక్కడికీ పోను. ఆ పీపా మీదే కూర్చుని, లాపో చొక్కాలకు బొత్తాలు కుట్టుకుంటూ ఉంటాను.

మీ అక్క,
ఆర్మీదా